బిగించింది బండిదే

లీజు కాగితం మీద సంతకం పెట్టి గదిలోంచి బయటికి వచ్చేసరికి కాటా చేతిలో ఉన్నవి మూడు. మూడేళ్ళు నడుపుకోవడానికి ఒక ఫోర్‌వీల్ జీపు, దాన్ని కొండదారికి తగ్గట్టు తయారు చేసుకోవడానికి డెబ్బై వేలు, ఆ తయారీకి మూడు రోజుల గడువు. జీపు, బండ్లు లీజుకిచ్చే యార్డు వాళ్ళది. డెబ్బై వేలల్లో సగం భార్య కుట్టుమిషను తొక్కి కూడబెట్టింది. మూడు రోజులు మాత్రం పూర్తిగా అతనివే.

కిరాణా కొట్టు నడిపేవాళ్ళు చాలామందే ఉంటారు. ఇతను మాత్రం సరుకునే కాదు, మాటనీ మనిషినీ కూడా ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో రాయి వేసి చూస్తాడని వీధివాళ్ళు కాటా అని పేరు పెట్టారు. అత్తవారి వైపు వాళ్ళూ ఆ పేరుతోనే పిలుస్తారు, కాకపోతే చాటుగా.

కొండ మీద సొరంగం తవ్వుతున్నారు. అక్కడి క్యాంపులో నూట ఎనభై మంది. వాళ్ళకి కూరగాయలు, గుడ్లు, మందులు పైకి చేర్చే కాంట్రాక్టు ఖాళీ అయింది. క్యాంపులో స్టోరు చూసే మేడం షరతు పెట్టింది. పరీక్షగా మూడు ట్రిప్పులు, ప్రతిసారీ మధ్యాహ్నం పన్నెండు లోపు సరుకు దిగాలి. దిగితే నెలకు ఇరవై నాలుగు ట్రిప్పులు. పోటీకి ఇంకొకడున్నాడు. కాంట్రాక్టు వస్తే లీజు కిస్తీ పోను ఇంట్లోకి నాలుగు రాళ్ళు మిగులుతాయి. రాకపోతే రెండో నెలకే జీపు యార్డుకి, డిపాజిట్టు గాలికి. ఆపైన కుట్టుమిషను ముందు తలెత్తుకోలేని బతుకు.

బండి అప్పగించేముందు యార్డులో ఒక పద్ధతి ఉంది. గుమస్తా సుద్దముక్క పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. గీత ఉన్నచోట, సొట్ట ఉన్నచోట గుండ్రం చుడతాడు. చుట్టినదల్లా కాగితం మీదికి ఎక్కుతుంది. ఎక్కింది పాతవాడి లోపం. ఎక్కనిది ఏదైనా మూడేళ్ళ తర్వాత కనబడితే కొత్తవాడి నెత్తిన పడుతుంది.

గుమస్తా ఐదు గుండ్రాలు చుట్టి సుద్దముక్క జేబులో వేసుకోబోయాడు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు కాటా. గోనెసంచి ఒకటి నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. చాసిస్ దూలాలు రెండూ ముందు బంపరు దగ్గర ముగిసేచోట, ఒక్కొక్కదానికి రెండేసి బెజ్జాలు కనబడ్డాయి. వేలు దూరేంత ఉన్నాయి. అంచులకి తుప్పు కూడా పట్టలేదు.

"ఇక్కడ నాలుగు బెజ్జాలున్నాయి. చుట్టండి."

"అవి పైకి కనబడవు కదండీ."

"ఇవాళ కనబడవు. మూడేళ్ళ తర్వాత మీకు బాగా కనబడతాయి."

పక్కనున్న బావమరిది పక్కున నవ్వాడు. పదేళ్ళు బస్సు కండక్టరు పని చేసి మానేసిన మనిషి. బస్సు పోయినా ఆ గొంతు పోలేదు. అతను నవ్వితే యార్డు గోడ దాకా వినబడుతుంది.

గుమస్తా గొణుక్కుంటూ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు గుండ్రాలు చుట్టాడు. కాగితంలో రెండు గళ్ళున్నాయి. మొదటిది 'లోపం', రెండోది 'అమరిక', అంటే బండికి బిగించి ఉన్నవి. నాలుగు బెజ్జాల్నీ లోపం గడిలో రాశాడు.

అంతసేపూ ఆఫీసు కిటికీ దగ్గర ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. గుమస్తా లేవగానే ఎదురొచ్చాడు. అతన్ని అందరూ నట్టు అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు నట్లు ఉంటాయని ఆ పేరు. ఇదే జీపుని నిన్నటిదాకా లీజుకి నడిపి, కిస్తీ కట్టలేక తిప్పిచ్చేసింది అతనే.

"నా కొక్కేలు రెండూ ఇప్పించండి సార్. బండి ముందు నేను కొని బిగించుకున్నవి."

"బిగించింది బండిదే. కాగితంలో ఉంది. నువ్వు చదివే సంతకం పెట్టావు."

"చదివింది మీరు. నేను విన్నాను."

"విన్నావుగా మరి."

నట్టు వంగి, జీపు కింద కొత్తగా చుట్టిన సుద్ద గుండ్రాల వంక కాసేపు చూశాడు. తర్వాత కాటా వంక చూశాడు. కాటా గోనెసంచి దులిపి మడత పెట్టుకుంటున్నాడు. అతనికి ఇందులోంచి ఒక పాఠం ఊరికే దొరికింది. పరాయి బండికి ఏదీ బిగించకూడదు. బిగిస్తే వాళ్ళది, ఊడతీసుకుని ఇంటికి తెచ్చుకోగలిగేదే మనది. ఇంత మంచి పాఠం పైసా ఖర్చు లేకుండా దొరికినందుకు సంతోషమే వేసింది. నట్టు గేటు దాటి వెళ్ళేదాకా మాత్రం తలెత్తలేదు.

విడిభాగాల కొట్టు యార్డుకి ఆనుకునే ఉంది, అదీ యార్డు వాళ్ళదే. బావమరిది లోపల అడుగుపెట్టగానే తిరణాలకి వచ్చినవాడిలా అయిపోయాడు.

"బావా, ఈ లైట్లు చూడు. కొండ అవతలివాడికి మనం వస్తున్నట్టు తెలుస్తుంది."

"పగలు పన్నెండుకి చేరాల్సిన సరుక్కి లైట్లెందుకురా?"

"పోనీ వించి? చెట్టుకి తాడు కట్టి మీట నొక్కితే బండి దానంతటదే పైకొస్తుంది."

"బిగించాలా?"

"బిగించకపోతే ఒళ్ళో పెట్టుకు కూర్చుంటామా?"

"అయితే వద్దు."

పైన సామాను వేసుకునే చట్రం కూడా బిగించేదే, వద్దన్నాడు. ఏటి నీళ్ళు ఇంజనులోకి పోకుండా పైకి లేచే గొట్టానికి బానెట్టు పక్కన కోయాలి. ఆ మాట వినగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. కాగితంలో రాసిన కొలతలోనే, రాళ్ళనీ బురదనీ పట్టుకునే గళ్ళ టైర్లు నాలుగు తీసుకున్నాడు. నలభై ఆరు వేలు. పాత టైర్లు గోనెల్లో చుట్టి అటక మీద పెట్టుకుంటే మూడేళ్ళకి అవే తొడిగి ఇచ్చెయ్యొచ్చు. గాలి కొట్టే చిన్న కంప్రెసరు, గేజి కలిపి ఏడు వేలు. చక్రం కింద వేసే పలకలు రెండు, పార, తాడు, వెడల్పాటి పట్టీ, అన్నీ నాలుగున్నర వేలు. చేతిలో ఇంకా పన్నెండున్నర వేలు మిగిలాయి. అప్పటికి బావమరిది తన సొంత డబ్బు ఐదున్నర వేలు పెట్టి రెండు లైట్లు కొనేసి, డబ్బా చంకన పెట్టుకుని బయట నిలబడ్డాడు.

"నీ డబ్బు నీ ఇష్టం. నా బండికి మాత్రం తగలనివ్వను," అన్నాడు కాటా.

"నీ బండా?" అన్నాడు బావమరిది.

టైర్లు ఎక్కించింది వీధి చివర వెల్డింగు షాపు నడిపే అక్క. యాభై దాటిన మనిషి, ఇనుముని వేలితో తట్టి దాని వయసు చెబుతుంది. నాలుగో టైరు నట్లు బిగించాక బండి ముందుకి వచ్చి వంగింది. బంపరు కింద వేలాడుతున్న సన్నటి ఇనప కడియాన్ని గోటితో మీటింది.

"తమ్ముడూ, బురదలో దిగబడితే తాడు దేనికి కడతావు?"

"ఉందిగా అక్కా, దానికే."

"ఇది లాగడానికి కాదు. కంపెనీ నుంచి బండ్లని లారీలో తెచ్చేటప్పుడు కదలకుండా కట్టెయ్యడానికి పెట్టింది. చాసిస్‌కి రెండు గట్టి కొక్కేలు బిగించుకో. అన్నిటికంటే ముందు అవి. మిగతావన్నీ తర్వాత."

కాటా ఆ కొక్కేల్ని కొట్లో ముందే చూశాడు. జత పద్దెనిమిది వేలు, యార్డులోనే బిగించాలి, వేరేచోట బిగిస్తే లీజు రద్దు. కొత్తవన్నారు గానీ బోల్టు తలల మీద పానా గీతలు కనబడ్డాయి.

"బిగిస్తే వాళ్ళదైపోతుందక్కా. పద్దెనిమిది వేలు పరాయివాడి ఇనుముకి అతికించి రావడమే."

"నీకు లెక్క ఎక్కువ," అంది అక్క, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. పొగడ్తో తిట్టో చెప్పలేదు.

మొదటి ట్రిప్పు నాడు ఎండ కాసింది. తారురోడ్డు అయిపోయి మట్టిదారి మొదలయ్యేచోట కాటా బండి ఆపి, నాలుగు టైర్లలోనూ గాలి వదిలాడు. గేజి పెట్టి చూస్తూ, ముప్పై ఐదు నుంచి పద్దెనిమిదికి దించాడు. మెత్తబడ్డ టైరు రాయిని కొట్టదు, దాని మీద కూర్చుని దిగుతుంది. వెనకనుంచి నాలుగులైట్లు అని అందరూ పిలిచే మనిషి హారను మోగించుకుంటూ దాటిపోయాడు. పోటీకి వచ్చినవాడు అతనే. సొంత జీపు, నెత్తిన ఆ నాలుగు లైట్లు, ముందు ఇనప కడ్డీలు, గాలి నిండా బిగిసిన టైర్లు.

"ఏం కాటా, బండికి ఆయాసమా? గాలి తీస్తున్నావు!"

"నీకు పొగరు, నాకు ఆయాసం," అన్నాడు కాటా లేవకుండానే.

పదకొండుంబావుకి క్యాంపు చేరారు. స్టోరు మేడం గడియారం చూసి రాసుకుంది, గుడ్ల అట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. కాటా తెచ్చినవాటిలో రెండు గుడ్లు చిట్లాయి. నాలుగులైట్లు ఇరవై నిమిషాల ముందే వచ్చాడు గానీ అతని అట్టల్లోంచి సొన కారుతోంది. మేడం దాన్నీ రాసుకుంది. ఏ గడిలో రాసిందో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తెల్లారుతూనే వాన పట్టుకుంది.

రెండో ట్రిప్పుకి సరుకు మీద టార్పాలిను కప్పి, తాళ్ళు లాగి కట్టి బయల్దేరారు. మట్టిదారి తొమ్మిది కిలోమీటర్లు. ఏడు దాటేదాకా కాటా మాట్లాడలేదు, బావమరిదిని మాట్లాడనివ్వలేదు. వంపు తిరిగాక నల్లమట్టి ఎత్తుదారి వచ్చింది. చక్రాలు ఒకసారి జారాయి, నిలదొక్కుకున్నాయి, మళ్ళీ జారాయి. ఎడమవైపు రెండు చక్రాలూ మెల్లగా కిందికి పోయాయి. కాటా ఇంకాస్త తొక్కాడు. బురద లేచి అద్దం నిండా పడింది. ఇంజను చప్పుడే తప్ప బండి కదల్లేదు.

పదకొండూ ఐదు. పలకలు చక్రాల కింద తోశారు. ఒక పలకని బురద మింగేసింది, రెండోది చక్రం విసిరితే వెనక్కి ఎగిరి పడింది. వెనకంతా వాలు, దాని చివర లోయ. వెనక్కి వదలడానికి లేదు. పదకొండూ పదిహేను. వానలో తడుస్తూ బావమరిది పారతో తవ్వుతుంటే, తవ్విన గుంటలోకి నీళ్ళు తిరిగి వస్తున్నాయి.

"బావా, ట్రాక్టరు!"

పైనుంచి ఖాళీ ట్రాలీతో ట్రాక్టరు దిగుతోంది. దగ్గరికొచ్చాక చూస్తే, దాని మీద నెత్తిన ప్లాస్టిక్ సంచి తగిలించుకుని కూర్చున్నది నట్టు. సొరంగం రోడ్డు పని చేయించే మేస్త్రి దగ్గర డ్రైవరుగా చేరాడట. కాటా గుండె ఒక్కసారి తేలికైంది, మరుక్షణం బరువెక్కింది. ఈ మనిషి ముందు ఆ రోజు తను సంచి మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు.

నట్టు ట్రాలీ విప్పి వెడల్పున్నచోట వదిలాడు. ట్రాక్టరు ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పి, వెనక భాగం జీపుకి ఎదురుగా తెచ్చి పెట్టాడు. దానికే పదినిమిషాలు పట్టింది. ఈలోగా బావమరిది తాడు తెచ్చి జీపు ముందున్న కడియానికి మూడు ముళ్ళు వేసి, అందరికంటే ముందు పని పూర్తి చేసినవాడిలా పక్కన నిలబడ్డాడు.

నట్టు దిగి వచ్చాడు. ముడి చూశాడు. కడియం చూశాడు. వెనక్కి వెళ్ళి ఇంజను ఆపేసి, తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దీన్ని పట్టుకుని నేను లాగను."

కాటాకి ఒళ్ళు మండింది. "టైమెంతయిందో తెలుసా? పదకొండున్నర. పన్నెండు దాటితే నా పని అయిపోతుంది."

"తెలుసు."

"ఆ రోజు యార్డులో నేను నోరెత్తలేదనేగా? కక్ష తీర్చుకోడానికి ఇదా చోటు?"

"కక్ష ఉంటే లాగేవాణ్ణి," అన్నాడు నట్టు. అతను గొంతు పెంచలేదు. వానకి అతని మాట సగం కొట్టుకుపోతోంది. "ఇది ఊడిందంటే తాడుతో పాటు తూటాలా వస్తుంది. ట్రాక్టరు మీద నా వీపు ఇటే ఉంటుంది. ఆయన చూడు, తాడు పక్కనే నిలబడ్డాడు."

బావమరిది కిక్కురుమనకుండా నాలుగడుగులు పక్కకి జరిగాడు. ఒక్క క్షణం ఆలోచించి ఇంకో నాలుగు జరిగాడు.

"ఒక్కసారి లాగు. మెల్లగానే లాగు. ఏం జరిగినా నాది పూచీ. డబ్బులిస్తాను, ఎంతో చెప్పు."

"కాటా అంటారు కదా నిన్ను. నా వీపు ఎంతో నువ్వే చెప్పు."

కాటా నోరు తెరిచాడు. బేరంలో అతని నోటికి అంకె రాకపోవడం అంటూ ఎప్పుడూ లేదు. ఎదుటివాడు అడగకముందే కింది ధరా పై ధరా రెండూ నాలుక మీద ఉంటాయి. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. వాననీళ్ళు నోట్లోకి పోయాయి, మూసేశాడు. వంగి, తాడు ముడులు తనే విప్పడం మొదలుపెట్టాడు. తడిసి బిగుసుకున్నాయి. పళ్ళతో లాగాల్సి వచ్చింది.

"పట్టీ ఉందా? వెడల్పాటిది?" అన్నాడు నట్టు. "దూలాలకి అడ్డంగా లోపల ఒక కడ్డీ ఉంటుంది. దానికి చుడితే ఆగుతుంది. కానీ అక్కడిదాకా తవ్వాలి."

ముగ్గురూ తవ్వారు. పార ఒకటే కాబట్టి ఇద్దరు చేతులతో తోడారు. నట్టు బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. కాటా అతని పక్కనే బోర్లా పడుకుని పట్టీ కొన అందించాడు. లోపల ఏమీ కనబడదు. నట్టు చెయ్యి మాత్రం ఎక్కడా తడుముకోలేదు. తన ఇంట్లో చీకట్లో మంచినీళ్ళ చెంబు అందుకున్నట్టు తిన్నగా ఆ కడ్డీ మీదికి పోయింది. మధ్యలో ఆ నాలుగు బెజ్జాల దగ్గర ఒక్కసారి ఆగింది.

"నా కొక్కేలు ఇక్కడే ఉండేవి," అన్నాడు.

కాటా పట్టీ కొన ఇంకాస్త లోపలికి తోశాడు.

"అవి విప్పి కొట్లో పెట్టుకున్నారు. బెజ్జాలు మిగిలాయి కదా, వాటికి నా డిపాజిట్టులోంచి ఇరవై రెండు వేలు కోశారు. ఒక్కో బెజ్జానికీ ఐదున్నర వేలు. నువ్వు గుండ్రాలు చుట్టించిన రోజే." పట్టీ కొన అవతలినుంచి లాగి కాటా చేతిలో పెట్టాడు. "పట్టుకో, వదలకు."

పట్టీ నాలుగు పొరలు వేసి ట్రాక్టరుకి తగిలించారు. పట్టీ బిగిసినప్పుడు బావమరిది ఎక్కడున్నాడో చూస్తే, ఎగువన ఒక బండరాయి వెనక తల మాత్రం కనబడుతూ కూర్చున్నాడు. బురద పెద్ద చప్పుడు చేస్తూ జీపుని వదిలిపెట్టింది.

క్యాంపులో సరుకు దిగేసరికి పన్నెండూ ఇరవై ఐదు.

స్టోరు మేడం గడియారం చూసి రాసింది. "వానా?" అని అడిగింది. తమకంటే ముందు బయల్దేరిన నాలుగులైట్లు పన్నెండు కొట్టేలోపే వచ్చేశాడని పక్కన గుమిగూడిన వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. కాటా వాన అనలేదు. దిగబడ్డాం అన్నాడు, లాగడానికి సరైన కొక్కెం లేక తవ్వాల్సి వచ్చిందన్నాడు. ఆవిడ గొడుగు తెరిచి బయటికి వచ్చి, వంగి కడియం చూసింది.

"దీన్ని పట్టుకుని లాగించలేదా?"

"ట్రాక్టరాయన ఒప్పుకోలేదండీ. నేను లాగమనే అన్నాను."

"పన్నెండూ ఇరవై ఐదు అని రాశాను. రాసింది మార్చను," అంది మేడం. "ఎల్లుండి మూడో ట్రిప్పుకి ఈ బండికి కొక్కేలు లేకపోతే గేటు లోపలికి రానివ్వను. ఇక్కడ మా మనుషులు నడుస్తూ ఉంటారు."

ఆ సాయంత్రం కాటా ఇంట్లో జరిగింది చెబుతుంటే భార్య మిషను తొక్కుతూనే విన్నది. తాడు కట్టిన సంగతి దగ్గర మిషను ఆగింది.

"కొక్కేలు ముందే ఎందుకు కొనలేదు? అక్క చెప్పిందట కదా?"

"బిగిస్తే మూడేళ్ళకి వాళ్ళదైపోతుంది."

"మూడేళ్ళ దాకా ఎవరిది?"

కాటా పైకి చూశాడు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు, సూదిలోకి దారం ఎక్కించుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. అటక మీద గోనెల్లో చుట్టిన పాత టైర్లు కనబడ్డాయి. 

మర్నాడు పొద్దున్నే యార్డుకి వెళ్ళాడు, బావమరిదిని వెంటబెట్టుకుని. లీజుకి వచ్చినవాళ్ళు ఎనిమిది మంది బల్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. గుమస్తా ముందు తన కాగితం పరిచాడు.

"ఈ నాలుగు బెజ్జాలూ లోపం గడిలో రాశారు. అమరిక గడిలోకి మార్చండి."

"మీరే కదండీ పట్టుబట్టి రాయించారు?"

"పట్టుబట్టాను. తప్పు గడిలో రాస్తుంటే చూడలేదు. వాటిల్లో కొక్కేలు ఉండేవి. ఉన్నంతసేపూ అమరిక, అది మీ సొత్తు. మీరే విప్పారు. విప్పాక అదే బెజ్జం లోపం అయింది, దానికి డబ్బు అతను కట్టాలి. కొక్కెం మీకు, బెజ్జం అతనికి. ఇదేం పంపకం?"

"రూలు అంతేనండి. అవతల జనం ఉన్నారు."

"ఉన్నారు," అన్నాడు కాటా. కాగితం బావమరిది చేతికిచ్చాడు. "చదవరా. వాళ్ళూ సంతకాలు పెట్టాల్సిన వాళ్ళేగా."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. పదేళ్ళు నిండు బస్సులో చివరి సీటు దాకా వినిపించిన గొంతు అది. "మొదటి గడి, లోపం! ముందు చాసిస్, బెజ్జాలు నాలుగు! ఒక్కింటికి ఐదున్నర వేలు, పాత లీజుదారు డిపాజిట్టులోంచి కోత! రెండో గడి..." బల్ల మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒకాయన తన చేతిలోని కాగితం తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు. "ఇంకా ఎక్కేవాళ్ళున్నారా?" అని కూడా అనేవాడేమో, లోపలి గది తలుపు తెరుచుకుని మేనేజరు బయటికి వచ్చాడు.

నవ్వు మొహంతోనే లోపలికి పిలిచాడు, కుర్చీ చూపించాడు. అతనూ వ్యాపారం తెలిసినవాడే. నష్టం ఎంతలో ఆపుకోవాలో ముందే లెక్క వేసుకుని వచ్చాడు.

"మీకు కావలసింది కొక్కేలు. అంతేగా? అవి తెచ్చి ఊరికే బిగించి ఇస్తాను, పైసా వద్దు. కాగితం మాత్రం అలాగే ఉండనివ్వండి."

"అతని డబ్బు?"

"అది వేరే సంగతి. గడి మార్చి అతని డబ్బు వెనక్కి ఇవ్వమంటారా, ఇస్తాను. అప్పుడు కొక్కేలు మీరు పద్దెనిమిది వేలకి కొనుక్కోవాలి. బిగించాక ఎవరివో మీకు తెలుసు. ఈ రెండిట్లో ఒకటి. రెండూ అంటే మాత్రం నాకు కుదరదు. ఆలోచించుకోండి, తొందరేం లేదు."

తొందర ఉంది. రేపు మూడో ట్రిప్పు. కాటా జేబులో పన్నెండున్నర వేలున్నాయి. నట్టు ఇక్కడ లేడు. ఈ గదిలో ఏం మాట్లాడుకున్నారో అతనికి ఎప్పటికీ తెలియదు. ఊరికే వచ్చేది వదులుకుని, లేని డబ్బు పెట్టి, మూడేళ్ళకి పోయే ఇనుము కొనడం. ఏ పళ్ళెంలో పెట్టి చూసినా తూకం ఒకవైపే మొగ్గింది. నిన్న బురదలో, ధర చెప్పమని అడిగిన మనిషి ముందు, నోరు మూసుకుని ముడులు విప్పాడు. అక్కడితో ఆ బేరం తీరలేదని ఇప్పుడు తెలిసింది.

"అతని డబ్బు ఇచ్చెయ్యండి," అన్నాడు. గొంతులో మంచితనం ఏమీ లేదు, విసుగే ఉంది. "రసీదు నా ముందు రాయండి. తేదీ వేసి."

మేనేజరు అతని మొహంలోకి చూశాడు. ఇందులో తనకి తెలియని లాభం ఏదో దాచాడని అనుమానం. కనబడలేదు. రాశాడు.

బయటికి వచ్చాక కాటా డబ్బు లెక్కపెట్టాడు. ఇంకా ఐదున్నర వేలు తక్కువ. రెండోసారి లెక్కపెడుతుంటే బావమరిది జీపు వెనకనుంచి తన లైట్ల డబ్బా తీసుకుని కొట్లోకి నడిచాడు. విప్పని డబ్బా కాబట్టి వాపసు పుచ్చుకున్నారు. తిరిగొచ్చి నోట్లు కాటా చేతిలో పెట్టాడు.

"ఎలాగూ నీ బండికి తగలనివ్వనన్నావుగా," అన్నాడు. కళ్ళు మాత్రం కొట్టు అద్దంలోకే ఉన్నాయి.

మధ్యాహ్నానికి కొక్కేలు బిగించారు. అవే పాత బెజ్జాల్లో, అవే పానా గీతలున్న బోల్టులతో. గుమస్తా నాలుగు గుండ్రాల మీదా తడిగుడ్డ వేసి తుడిచాడు.

మూడో ట్రిప్పు పదకొండూ ఇరవైకి చేరింది. గేటు దగ్గర మేడం వంగి చూసి అడ్డకర్ర ఎత్తించింది. సరుకు దిగాక ఇద్దరు పోటీదారుల్నీ బల్ల ముందు నిలబెట్టింది. "ఒకరు ఒకసారి ఆలస్యంగా వచ్చారు. ఒకరు మూడుసార్లూ ముందే వచ్చి పదకొండు డజన్ల గుడ్లు పగలగొట్టారు. నెలకు పన్నెండేసి ట్రిప్పులు తీసుకోండి. కిందికి రాతి నమూనాల పెట్టెలు పంపాలి. అవి కుదుపు లేకుండా పోవాలి కాబట్టి కాటాగారు తీసుకెళ్తారు." నాలుగులైట్లు ఏదో అనబోయాడు. ఆవిడ గుడ్ల కాగితం తిప్పి అతని వైపు పెట్టింది.

దిగేటప్పుడు వంపు దగ్గర నట్టు ట్రాక్టరు ఎదురైంది. రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి.

"యార్డు నుంచి ఫోనొచ్చింది," అన్నాడు నట్టు.

"ఇవాళే వెళ్ళు. వాళ్ళ మనసు మారకముందే."

"ఆ రోజే నువ్వు ఒక్క మాట అని ఉంటే నాకు ఇంత తిరుగుడు తప్పేది."

"తప్పేది," అన్నాడు కాటా.

నట్టు తల ఊపి గేరు వేశాడు.

వానాకాలం ముగిసేసరికి కాటా లెక్క ఇలా తేలింది. ఇరవై నాలుగు అనుకున్నచోట పన్నెండు ట్రిప్పులు. నమూనాల పెట్టెల కిరాయి, ఖాళీ రోజుల్లో చిల్లర బేరాలు కలుపుకుని, కిస్తీ, డీజిలు పోను నెలకు నాలుగు వేలు మిగులు. అందులోంచి బావమరిది లైట్ల డబ్బు తీర్చేశాడు, భార్య డబ్బు తీరుస్తున్నాడు. కొక్కేల పద్దెనిమిది వేలు రావని రాసేశాడు. అవి పట్టుకుని తన జీపు బురదలోంచి రెండుసార్లు బయటపడింది. రెండుసార్లూ లాగింది నట్టే, డబ్బు తీసుకోలేదు. అవే పట్టుకుని తను లాగిన బండ్లు ఐదు. నాలుగింటి దగ్గర తనూ ఏమీ తీసుకోలేదు. ఐదోది నాలుగులైట్లది. ఆ ఒక్కదానికి మాత్రం ఐదువందలు పుచ్చుకున్నాడు. చిల్లర లేదంటే, వానలో ఆగి మరీ.